పాత కంప్యూటర్: వేగం పెంచాలా, భాగం మార్చాలా?

2011 సెప్టెంబర్ 15న తిరువళ్లూరు పక్కనున్న కాక్కలూరులో అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడత యంత్రాల్లో 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్ ఉండేవి. 2025లో కళాశాల విద్యార్థుల కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ పిలిచిన టెండరులో అడిగింది 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ నాలుగింతలైంది, ఫైళ్లు దాచుకునే చోటు మాత్రం 64 జీబీ తగ్గింది. అయినా కొత్తదే ఎంతో చురుగ్గా నడుస్తుంది. పాత కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలా, డబ్బు పెట్టి భాగాలు మార్చాలా అని తేల్చుకోలేనివాళ్లకు సగం జవాబు ఆ టెండరులోనే దొరుకుతుంది.

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం. 2008లో వచ్చిన పెంటియం ఈ5200 ఇందుకు పేరుపడ్డ చిప్. దాని వేగం 2.5 గిగాహెర్ట్జ్, అంటే 200 మెగాహెర్ట్జ్‌కు 12.5 రెట్లు. బయోస్‌లోకి వెళ్లి ఆ 200ను 266 చేస్తే వేగం 3.33కు చేరుతుంది. పైసా ఖర్చు లేకుండా 33 శాతం లాభం.

అయితే ఆ వేగంలో ఆగిపోకుండా నడవాలంటే చాలాసార్లు వోల్టేజీ పెంచక తప్పదు. చిప్ తినే కరెంటు వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.25 వోల్టులను 1.35 చేశామనుకోండి: 1.33 × 1.08 × 1.08, సుమారు 1.55. మూడోవంతు వేగం కోసం సగానికి పైగా అదనపు వేడి! 65 వాట్ల చిప్ 100 వాట్లకు చేరుతుంది.

కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. ఆ అదనపు 36 వాట్లు రోజుకు నాలుగు గంటల చొప్పున వాడినా రెండు నెలల బిల్లులో తొమ్మిది యూనిట్లు దాటవు. భయమంతా వేడితోనే. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు చిప్ 60 డిగ్రీల దగ్గర నడుస్తోందంటే, గది కంటే 35 ఎక్కువన్నమాట. తిరుత్తణి ఎండలు తెలిసినవే. మే నెలలో ఫ్యాన్ గాలి తప్ప మరేమీ లేని గది 40 డిగ్రీలుంటే చిప్ 75కు వెళ్తుంది. ఓవర్‌క్లాక్ చేస్తే ఆ 35 కాస్తా 54 అవుతుంది, చిప్ 94 డిగ్రీలకు ఎక్కుతుంది. వంద దరిదాపుల్లో ఈ చిప్‌లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే ఆ గీత కూడా దాటుతుంది. కష్టపడి పెంచిన వేగం మధ్యాహ్నానికల్లా పోతుంది. పెద్ద కూలర్ కొంటే సరిపోతుంది గానీ, ఆ డబ్బుతో అంతకంటే మంచి పని చేయవచ్చు.

అదేమిటో చూద్దాం. పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, తల అక్కడికి జరగడానికి మరో 12 మిల్లీసెకన్లు. మొత్తం 17, 18 అనుకుంటే సెకనుకు అరవై చోట్లు కూడా చదవలేదు. తిరిగే పళ్లెమే లేని ఎస్‌ఎస్‌డీ సెకనుకు వేల చోట్లు చదువుతుంది. కంప్యూటర్ ఆన్ కావడానికి 80 సెకన్లు పడుతోందని, అందులో 60 డిస్క్ కోసం ఎదురుచూపేనని అనుకోండి. ఓవర్‌క్లాక్ మిగిలిన 20ని 15 చేస్తుంది, మొత్తం 75. ఎస్‌ఎస్‌డీ ఆ 60ని 10కి దించితే మొత్తం 30.

ఓవర్‌క్లాక్ గెలిచే చోటు ఒకటుంది. తిరుత్తణి కొండ మీద పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో గంట పట్టే రెండరింగ్ 45 నిమిషాల్లో అయిపోవచ్చు. అది నిజమైన లాభమే. కానీ 2017లో వచ్చిన కోర్ ఐ3-8100లో నాలుగు కోర్లు, 3.6 గిగాహెర్ట్జ్ వేగం ఉన్నాయి. రెండు కోర్ల ఈ5200ను ఎంత బిగించినా దాన్ని అందుకోదు. పైగా విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ చిప్‌లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. ఐ3-8100 అందులో ఉంది. ఓవర్‌క్లాక్ చేసినంత మాత్రాన పాత చిప్ ఆ జాబితాలోకి ఎక్కదు. దానికి లినక్సే దారి.

అసలు చాలామందికి ఈ ప్రశ్నే రాదు. ఉచిత ల్యాప్‌టాప్‌లను ఓవర్‌క్లాక్ చేసే వీలు లేదు. 2011 తర్వాతి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలోనూ చాలావరకు పేరు చివర ‘కె’ ఉన్నవాటికే, అదీ తగిన మదర్‌బోర్డుతోనే, ఆ వెసులుబాటు ఉంది.

కాబట్టి నా తీర్పు ఇది. ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్, అప్పటికీ చాలకపోతే వాడిన ఎనిమిదో తరం యంత్రం. సొంత సరదాకు ఓవర్‌క్లాక్ చేసుకుంటే తప్పులేదు, వేసవి వెళ్లాక చేయండి. విడిభాగాలు కొనడానికి చెన్నై రిచీ స్ట్రీట్‌కు రైలెక్కేముందు మీ బోర్డుకు పట్టే ర్యామ్ డీడీఆర్2నో డీడీఆర్3నో, గరిష్ఠంగా ఎన్ని జీబీలో రాసుకోండి. జీ31 చిప్‌సెట్ బోర్డయితే 4 జీబీకి మించి పట్టదు. 2025 చివర మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక నాలుగు షాపుల్లో అడిగాకే కొనండి. డిస్క్ మార్చేముందు పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్లు మరోచోట కాపీ చేసుకోవడం మరవకండి.