మంచినీళ్ల సహాయం – మనం చేయగలిగినది



నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే నడుము, కీళ్లు బిగుసుకుపోవచ్చు. కాచినా ఫ్లోరైడ్ పోదు. ఎముకలకు జరిగిన నష్టాన్ని మందులు పూర్తిగా సరిచేయలేవు.

1991లో బాల థెరిసా, ఆండ్రే జింగ్రాస్ దంపతులు మన వరంగల్‌లో స్థాపించిన బాల వికాస సంస్థ ఎన్నో పల్లెల్లో నీటిశుద్ధి ప్లాంట్లు పెట్టించింది. అయితే ఊరివారు తమ వాటా చెల్లించి, కమిటీ వేసుకోవాలి. నీళ్ల డబ్బాకు ఇచ్చే కొద్ది రుసుముతోనే కరెంటు బిల్లు, మరమ్మతులు జరుగుతాయి. తమ సొమ్ము ఉన్న ప్లాంటును ఊరు అంత సులభంగా మూలపడనివ్వదు.

మీరు చేయగలిగినవి:

1. విరాళం ఇస్తే రసీదు తీసుకోండి.

2. మీ సొంత ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడండి.

3. చూడాలనుకుంటే కాజీపేట ఫాతిమానగర్‌లోని సంస్థవారికి ముందుగా చెప్పి వెళ్లండి. పిల్లలకు డబ్బులు పంచకండి, అడగకుండా ఫోటోలు తీయకండి. కమిటీవారి దగ్గర కూర్చుని లెక్కలు ఎలా రాస్తున్నారో తెలుసుకోండి.

మీ పిల్లల పళ్లపై ఇలాంటి మచ్చలుంటే, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో డాక్టరుగారికి తప్పక చెప్పండి.