త్రవ్వకములో ఒక దినము

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలో సేద్యము చేసిన వారికి పాటిమన్ను సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు. పాడువడిన ఊరిదిబ్బనుండి బూడిదవన్నె మట్టిని బండ్లకెత్తి, పొలములకు ఎరువుగా తోలుట మన పూర్వుల వాడుక. ఆ మన్నునకు బల మెచ్చటనుండి వచ్చెను? ఒకప్పు డచ్చట కాపురముండినవారు పొయ్యిబూడిదను, పశువుల పేడను, పగిలిన కుండలను తరతరములుగా అచ్చటనే విడిచిరి. ఇంటిపై ఇల్లు కట్టిరి. ఇట్లు పెరిగిన దిబ్బను పురావస్తుశాస్త్రజ్ఞుడు త్రవ్వునప్పుడు ఉదయము మొదలు సాయంకాలమువరకు ఏమేమి చేయునో నేడు మనవి చేసెదను.

నిక్షేపములకై రాత్రివేళ గోతులు త్రవ్వువారు మన యెరుకలో లేకపోలేదు. వారికి వస్తువు చేజిక్కిన చాలును. శాస్త్రజ్ఞునికి ఆ వస్తువెంత ముఖ్యమో, అది పడియున్న చోటును అంత ముఖ్యము. ఎల్లలు వ్రాయని దస్తావేజు భూమి తగవులో ఎంతవరకు చెల్లునో మీకు తెలియును. చోటు తెలియని పూసయు, నాణెమును అట్టివే.

తెల్లవారగానే పని మొదలగును. నేలను ముందుగానే చదరములుగా విభజించి, మూలల మేకులు కొట్టి, దారము పట్టియుందురు. చదరమునకును చదరమునకును నడుమ పొలముగట్టువలె కొంతనేల త్రవ్వక విడుతురు. గోడవలె నిలిచిన ఆ గట్టు ప్రక్కనే నేలపొరలన్నియు కానవచ్చును. 1945లో పుదుచ్చేరి దాపున అరికమేడునందును, 1947లో మైసూరు సీమలోని బ్రహ్మగిరియందును వీలరు దొరగారు ఈ పద్ధతినే పాటించి మనదేశపు యువకులకు నేర్పిరి.

పైమన్నును గడ్డపారతోను పారతోను తీయవచ్చును. మట్టి రంగు మారినను, చేతికి మెత్తదనము మారినను గడ్డపార నిలిపి తాపీ పట్టవలెను. నాగలి వెంట నడచిన కూలివాడు ఈ మార్పును, చదువుకొన్న విద్యార్థికంటె ముందుగా, పనిముట్టు చప్పుడునుబట్టియే పసిగట్టును. పొరలకు పైనుండి క్రిందికి అంకెలు వేయుదురు. మొదట దొరకునది మొదటి పొర. అన్నిటికంటె పాతది అడుగుది.

అయితే పొరలు ఎల్లప్పుడును సాపుగా నుండవు. వెనుకటి కాలమున ధాన్యమునకై పాతర త్రవ్వినవాడు, తెలియకయే, తనకు వందలయేండ్లు ముందటి పొరలను ఛేదించుకొని పోయియుండును. ఆ పాతర అంచును గుర్తింపనిచో మనుమని సొత్తు తాతకు లెక్కపడును. మన ప్రాంతమున మరియొక చిక్కును గలదు. నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. పైనున్న చిన్న నాణెము ఆ నెఱ్ఱెలో జారి మూరెడు లోతున కూర్చుండును. కావున రేగడినేలలో ఒక్క నాణెమునుబట్టి పొర కాలమును తేల్చుట సాహసమని నా యభిప్రాయము.

కుండపెంకులను పొరకొక తట్టలో వేయుదురు. తట్టలోపల ఒక చీటి, వెలుపల నొక చీటి. చీటిపై గ్రామము, చదరము, పొర, లోతు, తేది యుండును. పూస, ఇనుపములికి, నాణెము వంటివి దొరకినచో, కదల్పకముందే చదరపు రెండంచులనుండి దూరమును, స్థిరమైన గుర్తునుండి లోతును కొలిచి పుస్తకమున కెక్కింతురు. తీసిన మన్నును జల్లించుటయు కలదు. ఆవగింజంత పూసలు జల్లెడలోనే దొరకును. బొగ్గుముక్కలను చేతితో తాకక వేరుగా పొట్లము కట్టుదురు. బొగ్గులో మిగిలిన కర్బనమును కొలిచి వయస్సు తెలియు విధానమును 1949లో అమెరికాలో లిబ్బీ పండితుడు ప్రకటించెను.

మధ్యాహ్నము పెంకులు కడిగి చాపలపై ఆరబెట్టి, ఒక్కొక్కదానిపై సిరాతో గుర్తు వ్రాయుదురు. లోపల నలుపు, వెలుపల ఎరుపుగల పెంకులు రాకాసిగుళ్ళను కట్టిన ఇనుపయుగపు జనులవి కావచ్చును. సాయంకాలము గట్టుప్రక్కను గీట్లకాగితముపై చిత్రించి, దినచర్య వ్రాసి ముగింతురు. చాలదినములు బంగారమేమియు దొరకదు. చూడవచ్చిన ఊరివారు పెదవి విరిచి పోవుటయు వాడుకయే!

చేవెళ్ళకు ఉత్తరముననున్న కొండాపురము దిబ్బను నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖ, యజ్దానీ గారు అధిపతిగానుండ, 1940 ప్రాంతమున త్రవ్వించెను. శాతవాహనుల నాణెములు, పూసలు, మట్టిబొమ్మలు అచ్చట బయల్పడి, అదియొక గొప్ప పట్టణమని తేలెను. మొయినాబాదు మండలములోని ఎనికేపల్లి సంగతి వేరు. తీర్థంకరుల మూర్తులు చెక్కిన రెండు స్తంభములు 2023లో అచ్చటి చెరువుతూము కట్టడమున కానవచ్చినవి. వానిపై శాసనాక్షరములును గలవు. సుమారు వేయియేండ్లనాటివని పండితులు చెప్పిరి. తూము కట్టినవారు రాయిని కాపాడిరి గాని, ఆ స్తంభములు మొదట నిలిచిన జైనబసది ఏ చేనిలోనుండెనో రాయి చెప్పజాలదు. చుట్టుప్రక్కల చేలకు ముసలివారు వాడు పేర్లే ఒకవేళ చెప్పగలవు.

నేడు మూసీ, ఈసీ నదుల నడిమి పొలములు తోటలుగను మేడలుగను మారుచున్నవి. దిబ్బలో పది దినములకు తాపీతో తీయు మన్నును యంత్రము గడియలో ఎత్తివేయును. పునాదికో బావికో త్రవ్వునప్పుడు బూడిదపొర, కుండల వరుస, అక్షరములుగల రాయి కనబడినచో పని నిలిపి, తహసీలుదారునకుగాని పురావస్తుశాఖ వారికిగాని తెలుపుడు. నిక్షేపమైనచో కలెక్టరునకు తెలుపుట చట్టముచే విధింపబడినదే. వారు వచ్చులోపల వస్తువును కదల్పవలదు. యంత్రము ముందే కదలించినచో, గ్రామము, సర్వే నంబరు, లోతు, తేది ఒక చీటిపై వ్రాసి దానితోనే కట్టియుంచుడు.