గాజుతొట్టిలో వెన్నెముక లేని చుట్టం

ఉప్పునీటి ఆక్వేరియంలో లైవ్ రాక్ (సముద్రజీవులు అంటుకుని ఉన్న రాయి) పెట్టిన కొన్ని వారాలకు, రాయి అడుగున, వెలుతురు సోకని సందుల్లో చిన్న బుడిపెలు కనిపిస్తుంటాయి. కొన్ని తేటగా, లోపలి భాగాలు కనిపించేలా ఉంటాయి. కొన్ని తెల్లగానో లేత పసుపుగానో ఉంటాయి. చాలామంది వాటిని స్పంజికలనుకుంటారు. చీడ అనుకుని గీకి పారేసేవారూ ఉన్నారు. ఆ పని చేసేముందు భూతద్దంతో ఒకసారి చూడండి. అవి ట్యూనికేట్లు కావచ్చు. వెన్నెముక లేని జంతువుల్లో మనకు అత్యంత దగ్గరి బంధువులు ఇవే.

గుర్తుపట్టడం ఎలా?

ట్యూనికేట్ దేహం ఓ సంచి. దానికి రెండు మూతులు. ఒకదాని గుండా నీరు లోపలికి వెళ్తుంది, రెండోదాని గుండా బయటికి వస్తుంది. పైపెట్‌తో మెల్లగా నీటిని చిమ్మితే రెండూ చప్పున ముడుచుకుంటాయి. స్పంజికలో ఇంత చురుకుదనం కనిపించదు. ఆల్చిప్పల్లోనూ రెండు నాళాలున్నవి ఉన్నాయి గానీ వాటికి గట్టి పెంకు ఉంటుంది. ట్యూనికేట్‌కు ఉండేది కంచుకమనే మెత్తని తొడుగు. అందులో సెల్యులోజ్ ఉంటుంది. మొక్కల్లో కనిపించే ఆ పదార్థాన్ని తయారుచేసుకోగల జంతువులు ఇవి మాత్రమే.

బొట్రిల్లస్ వంటి జాతులు గుంపుగా పెరిగి, రాతిమీద నక్షత్రాల ముగ్గు వేసినట్టు పరుచుకుంటాయి. నక్షత్రంలో ఒక్కో రేకూ ఒక్కో జీవి. నీరు వదలడానికి మాత్రం అన్నిటికీ కలిపి నడిమధ్య ఒకటే ద్వారం. తేటగా ఉండే జాతుల్లో గుండె కొట్టుకోవడం కూడా చూడవచ్చు. అది కాసేపు రక్తాన్ని ఒకవైపు పంపి, ఆగి, ఎదురు దిశలో పంపడం మొదలుపెడుతుంది.

చుట్టరికం ఎక్కడిది?

జవాబు వీటి డింభకంలో ఉంది. తోకకప్పను పోలిన ఆ డింభకం తోకలో, వెన్నెముకగల జంతువుల పిండాల్లోలాగే, పృష్ఠవంశం (నోటోకార్డ్), దానిపైన నాడీదండం ఉంటాయని రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ 1866లో వెల్లడించారు. అంతకుముందు వీటిని నత్తలు, ఆల్చిప్పల వర్గంలో లెక్కవేసేవారు. 2006లో జన్యువుల పోలిక ఈ బంధుత్వం ఎంత దగ్గరిదో చూపింది. డింభకం కొద్దిసేపే ఈది, తలవైపు నుంచి రాతికి అంటుకుని, తోకను తనలోనే కరిగించుకుంటుంది. డిగ్రీలో జువాలజీ పాఠంగా హెర్డ్‌మానియాను చదివినవారికి ఈ తిరోగమన రూపవిక్రియ గుర్తుండే ఉంటుంది.

పెంచాలంటే

తొట్టిలో వీటి ప్రధాన శత్రువు ఆకలి. ట్యూనికేట్ తన గ్రసనిలో జిగురు వల అల్లి, మిల్లీమీటరులో వెయ్యోవంతు నుంచి కొన్ని వెయ్యోవంతుల పరిమాణంలో ఉండే రేణువులను పట్టి తింటుంది. ప్రొటీన్ స్కిమ్మర్, ఫిల్టర్ సాక్, యూవీ దీపం నీటిని ఎంత శుభ్రం చేస్తే దీనికి తిండి అంత తగ్గుతుంది. పసుపు, ఊదా రంగులతో మెరిసే పాలీకార్పా అరేటాను అందం చూసి కొంటారు. అది నెలల తరబడి మెల్లగా కృశిస్తుంది కనుక యజమానికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

నానోక్లోరోప్సిస్, ఐసోక్రైసిస్ వంటి సజీవ సూక్ష్మశైవలాలను రోజూ కొద్దికొద్దిగా అందించాలి. ఎక్కువైతే నైట్రేటు పెరుగుతుంది, పరీక్షించుకుంటూ ఉండాలి. ఉష్ణమండల జాతులకు 24–26 డిగ్రీల సెల్సియస్, 1.025 దగ్గర సాపేక్ష సాంద్రత సరిపోతాయి. చాలా జాతులకు నీడ, ఓ మోస్తరు నీటి ప్రవాహం కావాలి. దేహంలో శైవలాల వంటి సూక్ష్మజీవులను మోసే డైడెమ్నం మోలేకు మాత్రం వెలుతురు అవసరం. వేటినీ నీటిలోంచి పైకి తీయకండి, లోపల గాలి చిక్కుకుంటుంది. రాగి కలిసిన చేపమందులు వాడకండి. చనిపోయినదాన్ని వెంటనే తీసేయండి.

రాతితోపాటు వచ్చిన చిన్న ట్యూనికేట్లను అలాగే ఉండనివ్వండి. తొట్టిలో దొరికే సూక్ష్మజీవులతోనే అవి తరచూ బతికేస్తాయి, నీటిని కూడా వడకడతాయి. పెద్దవాటిని మాత్రం, రోజూ శైవలాలు అందించే ఏర్పాటు చేసుకున్నాకే కొనండి. ఆ ఏర్పాటు లేనివారు వాటిని దుకాణంలోనే వదిలేయడం న్యాయం. కొనేవారు తగ్గితేనే సముద్రంలోంచి వాటిని పెకలించడమూ తగ్గుతుంది.