చేయి మళ్లీ లేచిందని ఊరుకోవద్దు

కిరాణా దుకాణంలో లెక్కలన్నీ నోటితోనే చెప్పేసే పెద్దాయన ఆయన. ‘ఈ మధ్య చిల్లర ఎంతివ్వాలో తేల్చుకోలేకపోతున్నారు. వయసు మీద పడింది కదా, మతిమరుపేమో’ అంటూ కొడుకు మా ఓపీకి తీసుకొచ్చాడు. గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆర్నెల్ల క్రితం కాఫీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి సర్దుకుంది. నీరసమనుకుని పడుకోబెట్టారు. స్కాన్‌ తీస్తే మెదడులో రెండు మూడు చోట్ల పాత మచ్చలు కనిపించాయి.

నిల్వ ఉండదు.. ఆగితే ఓర్వదు

మన శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే. వాడుకునే ఆక్సిజన్‌ మాత్రం దాదాపు 20 శాతం. పైగా నాడీకణాల్లో ఆక్సిజన్‌, గ్లూకోజు నిల్వలు దాదాపు ఉండవు. రక్తం పూర్తిగా ఆగితే సుమారు పది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలకు శాశ్వత నష్టం మొదలవుతుంది. శక్తి అందని కణంలోకి సోడియం, క్యాల్షియం చొరబడి అది ఉబ్బిపోతుంది. దాన్నుంచి వెలువడే గ్లుటమేట్‌ పక్క కణాలనూ దెబ్బతీస్తుంది.

పక్షవాతంలో రక్తం గడ్డ ఒక నాళానికి అడ్డుపడితే నడిమి భాగం త్వరగా చచ్చుబడుతుంది. చుట్టుపక్కల కణాలు ఇతర నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో కొన్ని గంటలు ఊపిరి నిలుపుకొంటాయి. పనిచేయవు గానీ బతికే ఉంటాయి. చికిత్సతో కాపాడేది వీటినే. పెద్ద రక్తనాళం మూసుకుపోయి, చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా.

జ్ఞాపకాలకు దెబ్బ ఎలా?

కొత్త విషయాలను గుర్తుంచుకోవటానికి తోడ్పడే హిప్పోక్యాంపస్‌ ఆక్సిజన్‌ లోపాన్ని అసలు తట్టుకోలేదు. గుండె ఆగి, మళ్లీ కొట్టుకున్న కొందరిలో కొత్త సంగతులు గుర్తుండకపోవటానికి ఇదొక కారణం. మరో ముప్పు చాపకింద నీరులాంటిది. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ, మధుమేహం మెదడులోని సన్నటి నాళాలను మూసేస్తుంటాయి. చేయీ కాలూ బాగానే ఉంటాయి. ఆలోచన మందగిస్తుంది, లెక్కలు తప్పుతాయి, పనిని ఒక వరుసలో చేయలేరు. ఇది తరచూ మెట్లు దిగినట్టు ఉంటుంది. కొన్నాళ్లు నిలకడగా ఉండి, ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి జారతారు.

మీరేం చేయాలి?

* మూతి వంకర, చేయి పడిపోవటం, మాట తడబడటం.. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా 108కు ఫోన్‌ చేయండి. సీటీ స్కాన్‌ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.
* చివరిసారి బాగా ఉన్న సమయాన్ని గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.
* నోటితో నీళ్లు, ఆహారం ఇవ్వొద్దు. సొంతంగా ఆస్పిరిన్‌, బీపీ మాత్ర వేయొద్దు. నరం తెగి రక్తం కారుతోందో, గడ్డ అడ్డుపడిందో స్కాన్‌ చేస్తే గానీ తెలియదు.
* లక్షణాలు వాటంతటవే తగ్గిపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. అది పెద్ద పక్షవాతానికి ముందస్తు హెచ్చరిక కావొచ్చు. ముప్పు తొలి రెండు రోజుల్లోనే ఎక్కువ.
* బీపీ మామూలుగా ఉందని మాత్రలు ఆపొద్దు. మామూలుగా ఉన్నది ఆ మాత్రల వల్లే. పొగాకు జోలికి పోవద్దు. రోజూ నడవండి.

ఆ పెద్దాయన ఇప్పుడు క్రమం తప్పకుండా మందులు వాడుతున్నారు. పోయిన లెక్కలు పూర్తిగా తిరిగి రాలేదు. ఇంకో మెట్టు దిగకుండా నిలబడ్డారు. గ్లాసు జారిన రోజే తీసుకొచ్చి ఉంటే పై మెట్టు మీదే ఆగేవారేమో! మీ ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో ఆ అవకాశాన్ని చేజార్చుకోకండి.