బాటరీ పడుకుంది, బండి కదలదు!

కారున్న ఇంట్లో కారుతో నిజమైన అవసరం ఎప్పుడు పడుతుందంటారు? సినిమాకు బయలుదేరినప్పుడు కాదు, పెళ్ళికి వెళ్ళినప్పుడూ కాదు. రాత్రి రెండు గంటలకు, వీధి మొగలో ఆటో కూడా కనిపించనప్పుడు!

అనంతపురంలో మా ఇంట్లో అచ్చంగా అదే జరిగింది. వేసవి సెలవులకు బెంగుళూరులో అమ్మాయి దగ్గర అయిదు వారాలుండి తిరిగివచ్చాం. వచ్చిన మూడోనాటి రాత్రి మా అత్తగారికి ఆయాసం ముంచుకొచ్చింది. తాళం చేతబుచ్చుకుని కారులో కూచుని తిప్పాను. "టక్... టక్..." అన్నదే తప్ప ఇంజను మూలగనైనా మూలగలేదు. లైట్లు వేస్తే ఆముదపు దీపంలా మిణుకుమన్నాయి. ఎదురింటి మాస్టారు లేచి తన బండి తీశారు కాబట్టి సరిపోయింది. తెల్లవారేసరికి అత్తగారు తేరుకుని, "అల్లుడుగారి బండికి నాకంటే ముందే ఆయాసం వచ్చినట్టుంది" అన్నారు. ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు నేను చేసిన పని చాలామంది చేసేదే. మాస్టారి కారు పక్కన నిలబెట్టి, కేబుళ్ళు తగిలించి, నా బండిని లేపాను. బుక్కరాయసముద్రం చెరువుకట్ట దాకా పోయి తిరిగివచ్చి, పని అయిపోయిందనుకున్నాను. మరుసటి ఉదయం మళ్ళీ "టక్... టక్..."!

ఒక దుకాణంలో అడిగితే, చూడకుండానే "మార్చెయ్యాల్సిందే" అన్నారు. మార్చడమంటే నాలుగైదు వేల రూపాయల మాట. బాటరీ వయసా, రెండేళ్ళయినా నిండలేదు. చివరకు పాతవూళ్ళో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడంటే వెళ్ళాను. ఆయన బాటరీమీద చెయ్యి వేసి, మల్టీమీటరు పెట్టి చూశాడు. ముల్లు పదకొండు వోల్టులు దాటి కొంచెం పైన నిలిచింది. "చచ్చిపోలేదు సార్, సొమ్మసిల్లింది. నిదానంగా లేపితే లేస్తాది. అయిదు వారాలు ఎండకిడిసి పోయినారు, అది మాత్రం ఏం చేస్తాది?" అన్నాడు.

నేను ముట్టనైనా ముట్టని వస్తువు ఎలా సొమ్మసిల్లింది? అదే అడిగాను. ఇంజను ఆపినంతమాత్రాన ఈనాటి కారు నిద్రపోదట. గడియారం తిరుగుతూ ఉంటుంది, దొంగల గంట కాపలా కాస్తుంది, దూరంనుంచి తలుపులు తెరిచే మీట కోసం ఒక చెవి తెరిచే ఉంటుంది. వీటన్నిటికీ కలిపి యాభై మిల్లీ ఆంపియర్లు ఖర్చనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారులో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బాటరీ. భాగించి చూడండి. సరిగా నెలరోజులకు ఖాళీ! 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ పెట్టి బళ్ళన్నీ ఇళ్ళలో నిలిచిపోయినప్పుడు ఎన్నో కుటుంబాలకు ఈ లెక్క అనుభవంలోకి వచ్చింది.

దానికి తోడు మన ఎండ. పడమటి కనుమల వానచాటున పడి, ఏడాదికి సుమారు 55 సెంటీమీటర్ల వానతో సరిపెట్టుకునే సీమ మాది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం వింతకాదు. ఆరుబయట నిలిపిన కారు బానెట్టు కింద ఇంకెంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? వేడి పది డిగ్రీలు పెరిగితే బాటరీ లోపలి రసాయన క్రియలు ఇంచుమించు రెండింతల వేగం పుంజుకుంటాయి. వాడకపోయినా తనంతట తాను దిగిపోవడం, లోపలి ప్లేట్లు తినేసుకుపోవడం, నీరు ఆవిరైపోవడం, అన్నీ త్వరపడతాయి. చలిదేశాలవాళ్ళు బాటరీ చలికి చస్తుందంటారు. చలి దాన్ని మొరాయింపజేస్తుందంతే. ఆయుర్దాయం తగ్గించేది ఎండే.

ఇంతకూ లోపల ఏముంది? 1859 లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఏర్పాటే ఇప్పటికీ ఉన్నది. సీసపు ప్లేటు ఒకటి, సీసపు ఆక్సైడు ప్లేటు ఒకటి, మధ్య నీళ్ళు కలిపిన గంధకికామ్లం. అలాంటి గదులు ఆరు. ఒక్కొక్క గది రెండు వోల్టుల పైచిల్లర ఇస్తుంది. కరెంటు వాడుకుంటున్నకొద్దీ ఆమ్లంలోని గంధకం ప్లేట్లకు చేరి సీసపు సల్ఫేటుగా మారుతుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే సల్ఫేటు కరిగి ఆమ్లం మళ్ళీ చిక్కబడుతుంది. రోజూ జరిగే ఈ రాకపోకలవల్ల పెద్ద ప్రమాదం లేదు.

ప్రమాదమల్లా ఖాళీ అయిన బాటరీని అలాగే వదిలెయ్యడంలో ఉంది. మా సీమలో చెరువెండితే అడుగున తెల్లగా చవుడు పూయడం చూసే ఉంటారు. వారం తిరక్కముందే వాన పడితే అది కరిగిపోతుంది. ఏళ్ళతరబడి ఎండితే పెళ్ళకట్టి పారకు కూడా లొంగదు. బాటరీలో సల్ఫేటూ అంతే. మొదట మెత్తని పొడిలా ఉన్నది, రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలై ప్లేట్లను కప్పేస్తుంది. ఆపైన దానిలోకి కరెంటు ఎక్కదు. ఎక్కినా నిలవదు. అందుకే ఖాళీ అయిందని తెలిసిన రోజునే ఛార్జికి పెట్టాలి. "ఆదివారం చూద్దాంలే" అనుకున్న ప్రతి ఆదివారమూ బాటరీ ఆయుష్షులోనిదే.

మరి కారు నడిపితే ఎక్కదా అంటే, నేను చేసిన పొరపాటే అది. కారులోని ఆల్టర్నేటరు, ఉన్న బాటరీని నిండుగా ఉంచడానికి పెట్టింది. వట్టిపోయినదాన్ని మొదటినుంచి నింపడానికి కాదు. చెరువుకట్టదాకా షికారు కొడితే ఏమూలకు వస్తుంది? గట్టిపడ్డ సల్ఫేటు గంటలతరబడి సన్నని ధారకే కరుగుతుంది.

మేస్త్రీ దగ్గరున్నది పాతకాలపు ఛార్జరు, సూది కదిలేది. కొత్తరకం తెలివైన ఛార్జర్లు మంచివే గాని, వోల్టేజి మరీ పడిపోయినదాన్ని కొన్ని బాటరీగానే గుర్తించవు. ఆయన ముందు ఆరు మూతలూ విప్పాడు. రెండు గదుల్లో ప్లేట్లు పైకి తేలి ఉన్నాయి. అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటరు పోశాడు. నిండుగా పోయడం ఛార్జింగు పూర్తయ్యాకనే, ఎందుకంటే ఛార్జవుతుంటే మట్టం పెరిగి ఆమ్లం పొంగిపోతుంది. 35 ఆంపియర్ అవర్ల బాటరీకి మామూలుగా పదోవంతు, అంటే మూడున్నర ఆంపియర్లు పెడతారు. దీనికి రెండు కూడా దాటనివ్వలేదు. మొదట్లో సూది లేవనే లేదు. నాకు ఆశ వదిలిపోయింది. "ఉండండి సార్, మొదట మింగలేదు" అన్నాడాయన. ఆరేడు గంటలకు సూది మెల్లగా లేచింది. రెండు రాత్రులూ ఒక పగలూ అలాగే ఉంచాడు. మధ్యమధ్య పెట్టెమీద చెయ్యి వేసి చూసేవాడు. చెయ్యి ఓర్వలేనంత వేడెక్కితే ఆపేసి చల్లారనివ్వాలి.

ఈ పని ఇంట్లో చేసుకునేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఛార్జవుతున్న బాటరీనుంచి హైడ్రోజను వాయువు వస్తుంది. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. కనుక వంటింట్లో, దేవుడి దీపం దగ్గర, మూసిన గదిలో వద్దే వద్దు. తీగెలు బిగించాకనే ఛార్జరు మీట వెయ్యాలి, మీట కట్టాకనే తీగెలు విప్పాలి. కళ్ళకు అద్దాలుండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా, పెట్టె ఉబ్బినా, పగిలినా అక్కడితో ఆపెయ్యండి. మూతల్లేని సీలు బాటరీ అయితే విప్పే ప్రయత్నమే చెయ్యకండి.

కేబుళ్ళతో బండి లేపడానికీ వరస ఉంది. ఎర్రతీగె ముందు పడుకున్న బాటరీ ప్లస్సుకు, తరవాత మంచి బాటరీ ప్లస్సుకు. నల్లతీగె మంచి బాటరీ మైనస్సుకు, దాని రెండో కొస పడుకున్న బండి ఇంజనులో బాటరీకి దూరంగా ఉన్న ఇనుముకు. నిప్పురవ్వ ఎగిరేది ఆ చివరి తగులుదలలోనే. విప్పేటప్పుడు ఇదే వరస తిరగెయ్యాలి.

మూడోనాడు హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదినీ కొలిచాడు. అయిదు గదుల్లో ఆమ్లం సాంద్రత 1.240 కి అటూ ఇటూ, ఆరోదానిలో 1.210. గదికీ గదికీ మధ్య 0.050 కంటే తేడా ఉంటే ఆ గది చెడినట్టే. మాది గట్టెక్కింది. రాత్రంతా ఊరికే ఉంచి, తెల్లవారి చూస్తే 12.5 వోల్టులు. బండికి పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు పదికి దిగి మళ్ళీ లేచింది. తొమ్మిదిన్నర కంటే దిగితే అనుమానించాలట. ఎంత ఛార్జి చేసినా పదిన్నర దగ్గరే నిలిచిపోతే మాత్రం ఒక గది పూర్తిగా పోయిందని అర్థం. అప్పుడు ఏ మేస్త్రీ ఏమీ చెయ్యలేడు, దుకాణంవాళ్ళ మాటే నిజమవుతుంది.

"తలనొప్పి మాత్ర వేస్తే లేస్తుందటగా?" అని అడిగాను, ఎవరో చెప్పగా విని. ఆయన చేతులు జోడించాడు. ఆస్పిరిను ఆమ్లంలో విడిపోయి వెనిగరులో ఉండే ఎసెటికామ్లం పుడుతుంది. అది ఆ పూట చురుకు తెప్పించినట్టు కనిపించినా, సీసపు ప్లేట్లను తినేస్తుంది.

నీళ్ళ సంగతిలోనూ మనవాళ్ళకు కొన్ని భ్రమలున్నాయి. బోరునీళ్ళు పోయకూడదని అందరికీ తెలుసు. మా ప్రాంతపు బోరునీటిలో లవణాలు, ఫ్లోరైడు ఎక్కువ. గిన్నెలో కాచినా అడుగున తెల్లని పొర కడుతుంది. ఐతే ఇంట్లో ఏసీనుంచి కారే నీళ్ళు పట్టి ఇన్వర్టరు బాటరీలో పోసే ఇళ్ళు చాలా ఉన్నాయి. నీటికి కరువైన ఊళ్ళో ఆ పొదుపును తప్పుపట్టలేను గాని, ఆ నీరు దుమ్ముపట్టిన లోహపు రేకులమీదుగా జారి వస్తుంది. దాన్ని మొక్కలకు పొయ్యండి. బాటరీకి సీసాలో అమ్మే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. దాని ఖర్చెంత! ఆమ్లం మాత్రం కలపవద్దు. ఆవిరయ్యేది నీరే, ఆమ్లం కాదు.

మరమ్మతుకు లొంగని బాటరీని పాతసామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. దాని బరువులో సగంపైన సీసమే. పెరళ్ళలో కరిగిస్తే ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. 2022 లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదార్లది. దుకాణంలో పాతది ఇస్తే కొత్తదాని ధరలో తగ్గింపూ ఇస్తారు.

మోటారు పరిశ్రమ మనకేమీ పరాయిది కాదు. 1985 లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా కంపెనీ తిరుపతి దగ్గర కరకంబాడిలో బాటరీలు తయారుచేస్తూంటే, ఇటు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 లో ప్రారంభమైన కియా కర్మాగారం కార్లు తయారుచేస్తోంది. పెనుకొండ 2022 లో శ్రీ సత్యసాయి జిల్లాకు పోయిందిగాని, అప్పటిదాకా మా జిల్లాదే. ఇంత దగ్గర్లో కార్లూ బాటరీలూ తయారవుతున్నా, వాటిని ఎలా చూసుకోవాలో నాకు పాతవూరి మేస్త్రీ చెప్పవలసివచ్చింది.

మేస్త్రీ ఏ హామీ ఇవ్వలేదు. "ఏడాది వస్తాదో, రెండేళ్ళొస్తాదో. కొత్తదాని బలం మళ్ళీ రాదు" అన్నాడు. వారానికొకసారి బండిని అరగంటకు తక్కువ కాకుండా రోడ్డుమీద తిప్పమన్నాడు. వేపచెట్టు నీడన నిలపమన్నాడు. టెర్మినళ్ళమీద తెల్లపొడి పడితే, గదుల్లోకి చుక్క పోకుండా వంటసోడా నీళ్ళతో కడిగి వేజలైను రాయమన్నాడు. పదిహేను రోజులకు మించి ఊరెళితే మైనస్సు తీగె విప్పి పొమ్మన్నాడు. గడియారం మళ్ళీ సరిచేసుకోవాలి, అంతే.

దసరాకు మళ్ళీ బెంగుళూరు ప్రయాణమయ్యాం. వీధి తలుపు తాళం వేస్తూ మా ఆవిడ ఎప్పటిలాగే "గ్యాసు కట్టేశారా?" అని అడిగింది. అత్తగారు మాత్రం కారువైపు చూసి, "దాని తీగె విప్పారా?" అన్నారు.

విప్పలేదు. పెట్టె కిందపెట్టి, పదో నంబరు స్పానరు కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాను.