మారుతి 800కి అల్లాయ్ వీల్స్ వేయిస్తున్నారా? షాపుకెళ్లే ముందు ఈ 4 లెక్కలు చూసుకోండి!

నాన్న కొన్న మొదటి కారు. ఇప్పటికీ ఇంటి ముందు కవర్ కప్పుకుని ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలి, పెయింట్ వేయించాలి, మంచి అల్లాయ్స్ బిగించాలి.. పాత మారుతి 800 ఉన్న చాలా ఇళ్లలో ఇదే ప్లాన్. 1983 డిసెంబర్‌లో తొలి కారు డెలివరీ అయింది, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. అందుకే ఇప్పుడు ఈ కారుకి క్లాసిక్ క్రేజ్ మొదలైంది.

అయితే అల్లాయ్స్ విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటే. డిజైన్ చూసి కొనేస్తారు, ఫిట్టింగ్ సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. తేడా వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. స్పీడ్‌లో వీల్ ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది. మరి ఏం చూడాలి? ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

1. పీసీడీ: ఇది కలవకపోతే అక్కడితో ఆపేయండి

వీల్‌ని హబ్‌కి బిగించే నాలుగు రంధ్రాల మధ్యగా ఒక వృత్తం గీస్తే, దాని వ్యాసమే పీసీడీ. మారుతి 800కి ఇది 4×114.3. అంటే నాలుగు రంధ్రాలు, 114.3 మిల్లీమీటర్లు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో స్విఫ్ట్, ఐ20 లాంటి కార్ల అల్లాయ్స్ బోలెడు దొరుకుతాయి. వాటికీ నాలుగు రంధ్రాలే. కానీ వాటి పీసీడీ 4×100. పాత ఫోర్డ్ ఐకాన్, ఫిగోలది 4×108. ఇవేవీ 800కి ఎక్కవు. "రంధ్రాలు కాస్త పెద్దవి చేసి ఎక్కించేద్దాం" అని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోవద్దు. అలా చేస్తే నట్ సరిగా కూర్చోదు, వీల్ బలం తగ్గిపోతుంది. రెండు పీసీడీలకూ సరిపోయేలా ఎనిమిది రంధ్రాలతో వచ్చే అల్లాయ్స్ మాత్రం వాడొచ్చు.

ఇంట్లోనే కొలవాలంటే ఓ చిట్కా. ఒక రంధ్రం బయటి అంచు నుంచి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచు వరకు కొలవండి. అదే పీసీడీ.

2. సెంటర్ బోర్: స్టీరింగ్ వణుకుడికి ఇదో కారణం

వీల్ మధ్యలో ఉండే పెద్ద రంధ్రమే సెంటర్ బోర్. ఇది హబ్ కంటే చిన్నదైతే వీల్ ఎక్కదు. పెద్దదైతే ఎక్కుతుంది, కానీ సరిగ్గా మధ్యలో కూర్చోకపోవచ్చు. అప్పుడు బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. దీనికి పరిష్కారం హబ్ రింగ్. హబ్‌నీ, అల్లాయ్ బోర్‌నీ వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించి, ఆ తేడాకి సరిపోయే రింగ్ వేయించుకోండి.

3. ఆఫ్‌సెట్, వెడల్పు: టైర్ ఎక్కడ తగులుతుందో చెప్పే లెక్క

వీల్ మధ్య గీతకీ, హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. వీల్ మీద 'ఈటీ' అని ఉంటుంది. ఆ నంబర్ తగ్గేకొద్దీ వీల్ బయటికి వస్తుంది.

ఉదాహరణకు 4 అంగుళాల వెడల్పు రిమ్ తీసి 5.5 అంగుళాలది వేశారనుకుందాం. ఆఫ్‌సెట్ మారకపోతే వీల్ లోపలికి 19 మి.మీ., బయటికి 19 మి.మీ. పెరుగుతుంది. అదే ఆఫ్‌సెట్ 15 తగ్గితే? లోపలికి 4, బయటికి ఏకంగా 34 మి.మీ. అంటే గుంతలో పడినప్పుడు టైర్ ఫెండర్‌కి రాసుకునే ఛాన్స్ ఎక్కువ. వీల్ బేరింగ్ మీద లోడ్ కూడా పెరుగుతుంది. పైగా 800కి పవర్ స్టీరింగ్ లేదు. టైర్ వెడల్పు పెంచితే పార్కింగ్‌లో చేతులు నొప్పెడతాయి.

4. టైర్ మొత్తం ఎత్తు: 3 శాతం దాటొద్దు

800కి కంపెనీ టైర్ సైజు 145/70 ఆర్12. అంటే వెడల్పు 145 మి.మీ., సైడ్‌వాల్ అందులో 70 శాతం, రిమ్ 12 అంగుళాలు. లెక్క వేస్తే టైర్ మొత్తం ఎత్తు దాదాపు 508 మి.మీ.

ఇక 13 అంగుళాల అల్లాయ్స్‌తో చాలామంది వేయించే సైజు 155/65 ఆర్13. దీని ఎత్తు దాదాపు 532 మి.మీ. తేడా 4.7 శాతం. అంటే పాత టైర్లతో మీటర్ 80 చూపించే చోట, ఇప్పుడు అదే 80 దగ్గర కారు దాదాపు 84 వేగంతో వెళ్తుంటుంది. ఎత్తు పెరగడంతో 796 సీసీ చిన్న ఇంజిన్‌కి పికప్ కూడా తగ్గుతుంది. ఎత్తులో తేడా 3 శాతం లోపు ఉండేలా చూసుకోవడం మంచిది.

175/50 ఆర్13 అయితే ఎత్తు దాదాపు 505 మి.మీ. లెక్క కుదురుతుంది. కానీ సైడ్‌వాల్ తక్కువ, మన రోడ్ల గుంతలకి రిమ్ దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా 12 అంగుళాల అల్లాయ్స్ దొరుకుతాయేమో అడగండి. టైర్లు మార్చాల్సిన పని ఉండదు, మీటర్ తేడా రాదు.

నట్స్ సంగతి మర్చిపోవద్దు

• అల్లాయ్ రంధ్రం అంచు ఏ ఆకారంలో ఉందో నట్ కూడా అదే ఆకారంలో ఉండాలి. కోన్ ఆకారపు సీటులో ఫ్లాట్ నట్ బిగిస్తే వదులైపోతుంది.

• 800 స్టడ్ మందం 12 మి.మీ. నట్ కనీసం తొమ్మిది, పది చుట్లు పట్టాలి. మూడు, నాలుగు చుట్లకే ఆగిపోతే ఆ వీల్‌తో బండి తీయొద్దు.

• బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, నట్స్ మళ్లీ చెక్ చేయించండి.

• వీల్ మీద ఐఎస్ఐ లేదా జేడబ్ల్యూఎల్ గుర్తు ఉందో లేదో చూడండి. ఏ గుర్తూ లేని చవక అల్లాయ్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

డబ్బులిచ్చే ముందు ఈ టెస్ట్ చేయండి

ముందు ఒక్క వీల్ బిగించమనండి. స్టీరింగ్ రెండు వైపులా చివరి వరకు తిప్పండి. కారులో నలుగురిని కూర్చోబెట్టి మళ్లీ తిప్పండి. ఫెండర్‌కి, సస్పెన్షన్‌కి ఎక్కడైనా తగులుతోందేమో టార్చ్ వేసి చూడండి. అన్నీ ఓకే అయితేనే మిగతా మూడు బిగించమనండి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలో చేర్పించండి. లేదంటే డ్యామేజ్ అయినప్పుడు అల్లాయ్స్‌కి క్లెయిమ్ రాకపోవచ్చు.

చివరగా ఒక్క మాట. తీసేసిన పాత స్టీల్ రిమ్స్‌ని తుక్కు కింద అమ్మేయకండి. 15 ఏళ్లు దాటిన కారుకి ఆర్సీ రెన్యువల్ కావాలంటే ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఆ రోజు ఏదైనా అభ్యంతరం వస్తే అవే పనికొస్తాయి. అంతేకాదు, 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కార్లకి వింటేజ్ గుర్తింపు దక్కుతుంది. తొలి మారుతి 800లు 2033లో ఆ వయసుకి చేరతాయి. ఆ నాలుగు రిమ్స్‌కి కాస్త నూనె రాసి అటక మీద పెట్టండి. అల్లాయ్స్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఒరిజినల్ రిమ్స్ మళ్లీ దొరకడం కష్టం!