గాలిలో తేలే గుండె

వైద్య కళాశాలలో చేరినవారు మొదట నేర్చుకునే వాటిలో ముఖ్యమైనది శరీర నిర్మాణం. ఇందుకోసం శవాన్ని కోసి, ఏ అవయవం ఎక్కడ ఉందో పరిశీలిస్తారు. అయితే ఇందులో కొన్ని చిక్కులున్నాయి. ప్రాణంలేని శరీరంలో గుండె కొట్టుకోదు. సన్నని నరాలు సులభంగా కంటికి ఆనవు. ఒకసారి కోసిన భాగాన్ని తిరిగి మొదటిలా చేయడం కుదరదు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం ఉంది. 2015 ప్రాంతంలో అక్కడి అధ్యాపకులు ఒక కొత్త ఉపాయం చేశారు. విద్యార్థులకు 'హోలోలెన్స్' అనే పెద్ద కళ్ళజోడు పెట్టారు. పెట్టుకోగానే గది మధ్యలో ఒక మానవ శరీరం గాలిలో నిలబడినట్లు కనిపించింది! చర్మాన్ని మాయం చేస్తే కండరాలు, వాటినీ మాయం చేస్తే ఎముకలు కనిపిస్తాయి. కొట్టుకుంటున్న గుండె చుట్టూ తిరిగి, వెనుకనుంచి కూడా చూడవచ్చు. 2020లో కరోనావల్ల తరగతులు ఆగిపోయినప్పుడు ఈ కళ్ళజోళ్ళను విద్యార్థుల ఇళ్ళకే పంపి పాఠాలు చెప్పారు.

లేనిది ఉన్నట్లు ఎలా కనబడుతుంది?

ఒక చిన్న ప్రయోగం చేయండి. బొటనవేలిని ముఖానికి ఎదురుగా నిలబెట్టి, ముందు ఒక కంటితో, తరువాత రెండో కంటితో చూడండి. వేలు పక్కకు జరిగినట్లుంది కదూ? మన రెండు కళ్ళూ కొంచెం తేడాగల రెండు బొమ్మలను చూస్తాయి. మెదడు వాటిని కలిపి, వస్తువు ఎంత దూరంలో ఉందో గ్రహిస్తుంది. ఈ సంగతిని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ 1838లో వివరించాడు. రెండు అద్దాలు అమర్చి, ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ చూపించాడు. చదునైన బొమ్మలు నిజమైన వస్తువులలా ఉబ్బెత్తుగా కనిపించాయి!

కాని, మనం తల తిప్పినప్పుడు బొమ్మ కూడా తగినట్లు మారాలి. అందుకు కంప్యూటరు కావాలి. 1968లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇవాన్ సదర్లాండ్ అలాంటి పరికరాన్ని చూపించాడు. దాన్ని పైకప్పునుంచి వేలాడే చట్రానికి అమర్చారు!

హోలోలెన్స్ పెట్టుకుంటే గదీ కనబడుతుంది, గదిలో లేని బొమ్మా కనబడుతుంది. దీన్ని 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' అంటారు. గది పూర్తిగా మరుగై, చుట్టూ కల్పించిన లోకమే కనిపిస్తే అది 'వర్చువల్ రియాలిటీ'.

చూస్తే చదువు వస్తుందా?

అమెరికాలోనే శాంటా బార్బరాలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీన్ని పరీక్షించారు. కొందరు విద్యార్థులు వర్చువల్ రియాలిటీలో రక్తనాళం గుండా ప్రయాణించి, జీవకణంలోకి వెళ్ళారు. మరికొందరు అదే పాఠాన్ని కంప్యూటరు తెరమీద మామూలు బొమ్మలుగా చూశారు. ప్రయాణం చేసినవారికే పాఠం ఎక్కువ నచ్చింది. కాని పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చింది మామూలు బొమ్మలు చూసినవారికి!

పరిశోధకులు అంతటితో ఆగలేదు. ఈసారి ప్రయాణాన్ని భాగాలు చేసి, ప్రతి భాగం తరువాత చూసినదాన్ని సొంత మాటల్లో రాయమన్నారు. ఆగకుండా చూసినవారికంటే వీరు బాగా నేర్చుకున్నారు. ఆసక్తి కూడా తగ్గలేదు.

వింతలు మన చూపును లాగుతాయి. చూసినదాన్ని ఆలోచించి, తిరిగి చెప్పినప్పుడే అది మనదవుతుంది. ఎక్కడ ఆపాలో, ఏమి అడగాలో తెలిసిన గురువు లేకపోతే ఎంత గొప్ప కళ్ళజోడైనా వినోదంగానే మిగిలిపోతుంది.

ఇది పరీక్షించడానికి కళ్ళజోడు అక్కరలేదు. మీ సైన్సు పుస్తకంలో గుండె బొమ్మను ఒక నిమిషం చూడండి. పుస్తకం మూసి, రక్తం ఏ గది నుంచి ఏ గదికి పోతుందో మీ మాటల్లో రాయండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే పుస్తకం మళ్ళీ తెరవండి.